కాన్పు కాబోయే ఇంట్లో తాగునీటి నైట్రేట్‌ను ఎలా కనిపెట్టాలి, ఎలా తప్పించుకోవాలి

క్యాన్ నీళ్లు వేసే అబ్బాయి పెన్ను లాంటి మీటరును గ్లాసులో ముంచి, "చూడండమ్మా, 90 మాత్రమే" అని చూపించి వెళ్తాడు. అది టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క. అందులో నైట్రేట్ వాటా ఎంతో ఆ మీటరు చెప్పలేదు. నైట్రేట్ అంటే యూరియా, మురుగు లాంటి వాటి నుంచి నేలలోకి దిగి బోరు నీళ్లలో కలిసే నత్రజని లవణం, ఎక్కువైతే పసిపిల్లలకు ముప్పు. మీ బోరు నీళ్లలో ముంచితే 500 చూపించిందనుకోండి, అందులో నైట్రేట్ లీటరుకు 10 మిల్లీగ్రాములు ఉండవచ్చు, 120 కూడా ఉండవచ్చు. రంగు, రుచి, వాసన ఏవీ పట్టివ్వవు. ఫ్లోరైడ్ అయితే పళ్ల మీద గార కట్టి తన సంగతి తానే చెబుతుంది, ఆ మాట నల్లగొండ వాళ్లకు కొత్త కాదు. నైట్రేట్ పెద్దవాళ్ల ఒంటి మీద అలాంటి గుర్తేదీ పెట్టదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా, ముందు చేయాల్సింది నైట్రేట్‌కు విడిగా పరీక్ష.

మన ఊళ్లకు ఈ బెడద లేదని అనుకోవడానికి వీల్లేదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో తీసిన నమూనాల్లో దాదాపు ఐదో వంతు నైట్రేట్ పరిమితిని దాటాయి, అవి 440 జిల్లాల్లో ఉన్నాయి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాటిన నమూనాలు నాలుగో వంతుకు అటూ ఇటూగా తేలాయి.

45 అనే గీత ఎవరి కోసం గీశారు?

భారతీయ ప్రమాణాల్లో తాగునీటికి నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకకపోతే ఇంకాస్త ఎక్కువైనా సరిపెట్టుకోవచ్చు అన్న సడలింపు కొన్ని లవణాలకు ఉంది కానీ దీనికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 50 అంటుంది. అమెరికాలో 10 అని ఉంటుంది. దాన్ని చూసి వాళ్లు మనకంటే నాలుగు రెట్లు కఠినంగా ఉన్నారని అనుకోకండి. వాళ్లు నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే లెక్కిస్తారు. ఆ అంకెను 4.43తో గుణిస్తే మన లెక్క వస్తుంది, అంటే 10 అన్నా 45 అన్నా ఇంచుమించు ఒకటే. అమెరికాలో సొంత బావి ఉన్న ఇంట్లో మీ అమ్మాయి ఉంటే ఇది మరీ గుర్తుంచుకోవాలి. అక్కడి ప్రైవేటు బావులకు ప్రభుత్వ తాగునీటి పరిమితి వర్తించదు, పరీక్ష చేయించుకోవాల్సింది ఇంటివాళ్లే.

ఈ పరిమితి వెనుక ఉన్నది గర్భిణులు కాదు, పోత పాలు తాగే పసిపిల్లలు. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కోమ్లీ అనే వైద్యుడు, బావి నీళ్లతో కలిపిన డబ్బా పాలు తాగిన శిశువులు నీలిరంగుకు తిరుగుతున్నారని వైద్య పత్రికలో రాశారు. నైట్రేట్ నోట్లో, కడుపులో ఉండే సూక్ష్మజీవుల వల్ల నైట్రైట్‌గా మారుతుంది. నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని మెథెమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. దాన్ని మళ్లీ మామూలు స్థితికి తెచ్చే ఎంజైము పుట్టిన కొత్తలో పిల్లలకు పెద్దవాళ్లలో ఉన్నదానిలో దాదాపు సగమే ఉంటుంది.

గర్భం సంగతి తర్వాతి పరిశోధనల్లో బయటపడుతూ వచ్చింది. కాలిఫోర్నియాలో 2000 నుంచి 2011 వరకు జరిగిన 14 లక్షలకు పైగా కాన్పులను చూశారు. ఒకే తల్లికి పుట్టిన బిడ్డలను ఒకరితో ఒకరిని పోల్చారు. నీటిలో నైట్రేట్ మన లెక్కలో 45 దాటిన కాన్పుల్లో, ఎనిమిదో నెల నిండకముందే నొప్పులు వచ్చి ప్రసవించే అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. 22 నుంచి 45 మధ్య ఉన్నప్పుడు కూడా సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. డెన్మార్క్‌లో నైట్రేట్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు సగటున ఓ పది గ్రాముల దాకా తగ్గినట్టు తేలింది. అయోవాలో 1970 నుంచి 1988 వరకు జరిగిన మూడున్నర లక్షలకు పైగా కాన్పుల లెక్కలు తీసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం నిలిచిన తొలి రోజుల్లో తాగిన నీళ్లకూ నెలలు నిండని కాన్పులకూ సంబంధం కనిపించింది. అదీ పరిమితికి ఎంతో కింద ఉన్న నీళ్లలోనే. అయోవా, టెక్సాస్ తల్లుల మీద 2013లో వచ్చిన మరో అధ్యయనం వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం, పెదవి చీలిక, అంగిలి చీలిక వంటి పుట్టుక లోపాలకూ నీటి నైట్రేట్‌కూ సంబంధం ఉందని చెప్పింది.

ఇవన్నీ సంబంధాలు చూపిన అధ్యయనాలు. ఫలానా బిడ్డ నెల ముందు పుట్టడానికి ఫలానా బోరే కారణమని వీటిని బట్టి వేలు చూపించలేం. ఈ నీళ్లు తాగిన తల్లుల్లో చాలామందికి నెలలు నిండి ఆరోగ్యంగానే పుడతారు. అయినా నీళ్లు మార్చుకోవడం మన చేతిలో ఉన్న పని కాబట్టి, తిరుగులేని రుజువు వచ్చేదాకా ఆగడం నా దృష్టిలో అనవసరపు పందెం. 45కు కింద ఉంది కాబట్టి గర్భిణికి ఢోకా లేదని కూడా నేను అనను.

మొదటి పని: రెండిళ్ల నీళ్లూ చూడండి

మన దగ్గర మొదటి కాన్పు సాధారణంగా పుట్టింట్లో. ఏడో నెలలోనో, సీమంతం అయ్యాకో అమ్మాయిని తీసుకువెళ్తారు. అంటే తొలి ఆరు నెలలు అత్తవారింటి నీళ్లు, చివరి నెలలూ బాలింత రోజులూ పుట్టింటి నీళ్లు. పరీక్ష చేయిస్తే రెండు చోట్లా చేయించాలి. చాలామంది పుట్టింట్లో మాత్రమే అన్నీ సిద్ధం చేస్తారు. బిడ్డ వెన్నుపాము ఏర్పడి మూసుకునేది మాత్రం గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లో, అంటే నెల తప్పిందని గట్టిగా తెలిసేలోపే. అందుకే పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టే రోజుల్లోనే నీటి పరీక్ష కూడా పెట్టుకోవాలి. ఇప్పటికే నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసిందా, కంగారు పడకండి. ఈ వారమే చేయించండి. చివరి నెలలకూ పుట్టబోయే బిడ్డకూ అది అక్కరకు వస్తుంది.

పనిచేసే చోటును మరచిపోకండి. బడిలోనో ఆఫీసులోనో రోజంతా తాగేది ఇంటి నీళ్లు కాదు.

నమూనా పట్టడం

ఒక లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. పచ్చడి, నూనె, మందు పోసిన సీసాలు వద్దు. కొత్త తాగునీటి సీసా అయితే మేలు. చేతిపంపు గానీ మోటారు గానీ ఐదు నుంచి పది నిమిషాలు నడవనివ్వండి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలి. అదే నీటితో సీసానూ మూతనూ మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపి, గట్టిగా మూత బిగించండి. సీసా మీద ఊరు, ఏ బోరు, తేదీ, వేళ రాయండి. ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరగవద్దు. వెచ్చదనానికి సీసాలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను మార్చేస్తే ల్యాబులో తప్పు అంకె వస్తుంది. ఐసు ముక్కలున్న సంచిలో పెట్టి, పట్టిన 24 గంటల్లోపే అందజేయండి.

ఎక్కడ ఇవ్వాలి? గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా కేంద్రాల్లోనూ కొన్ని డివిజన్లలోనూ నీటి పరీక్షా ల్యాబులున్నాయి. జల జీవన్ మిషన్ మొదలయ్యాక సామాన్యులు కూడా నామమాత్రపు రుసుముతో అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. "నైట్రేట్ చూడాలి" అని ప్రత్యేకంగా చెప్పండి, లేకపోతే గట్టిదనం, క్లోరిన్ చూసి ఇచ్చేసే అవకాశం ఉంది. ఊళ్లో మహిళలకు పరీక్ష కిట్లు ఇచ్చి వాడకం నేర్పే ఏర్పాటు కూడా ఆ పథకంలో ఉంది. ఆశా కార్యకర్తనో పంచాయతీ కార్యదర్శినో అడిగితే మీ ఊళ్లో కిట్టు ఎవరి దగ్గరుందో తెలుస్తుంది.

కిట్టుతో చేసేది ముదురు, లేత రంగుల పోలిక. నీళ్లలో మందు వేస్తే గులాబీ రంగు తేలుతుంది, ఆ ఛాయను అట్ట మీద వరుసగా ముద్రించిన ఛాయల పక్కన పెట్టి చూడాలి. పరీక్ష పట్టీ అయితే చివర చిన్న గళ్లు ఉంటాయి, ముంచి తీసి డబ్బా మీద రాసినంతసేపు ఆగి చూడాలి. రెండింటికీ షరతు ఒకటే. పగటి వెలుతురులో చూడాలి. పసుపు బల్బు కింద చూస్తే లేత గులాబీ కూడా తెల్లగానే అనిపిస్తుంది. ఇలా తేలింది అంచనా మాత్రమే. 45 దరిదాపుల్లో ఉంటే ల్యాబుకు పంపి ఖాయం చేసుకోండి.

ఒకసారి చేయించి జీవితానికి సరిపోయిందని అనుకోకండి. వానలు పడి చేలలోని యూరియా నేలలోకి దిగాక కొన్ని బోర్లలో అంకె పెరుగుతుంది. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు ఇంకొన్నింటిలో పెరుగుతుంది. రెండు కాలాల్లోనూ చూస్తేనే మీ బోరు నడత తెలుస్తుంది.

అంకె వచ్చాక ఏం చేయాలి?

ముందుగా కాగితం మీద నైట్రేట్ అని ఉందా, నైట్రేట్‌ నత్రజని అని ఉందా చూడండి. రెండోదైతే 4.43తో గుణించండి. 12 అని చూసి సంతోషించిన నీళ్లు నిజానికి 53 కావచ్చు.

20 లోపు ఉంటే అవే నీళ్లు కొనసాగించి, మరో కాలంలో మళ్లీ చూడండి. 20 నుంచి 45 మధ్య ఉంటే చట్టం ప్రకారం మంచి నీళ్లే. అయినా ఇంట్లో గర్భిణి ఉంటే, వీలున్నంతవరకు ఆమె తాగేందుకూ ఆమెకు వండేందుకూ వేరే నీళ్లు చూడమంటాను. 45 దాటితే ఆమెకే కాదు, పసిపిల్లలకు కూడా ఆ నీళ్లు తాగడానికీ వంటకూ ఆపేయండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలు కడగడానికి వాడుకోవచ్చు, నైట్రేట్ చర్మం గుండా లోపలికి పోదు.

వంట సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎసరు పెట్టిన నీళ్లలో ఉన్న నైట్రేట్ అన్నంలోకే పోతుంది. చారు, పప్పు, జావ, గంజి, అన్నీ నీళ్లే. బిందె నీళ్లు కొని తాగుతూ వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా చేస్తే మార్చామనుకున్న దానిలో సగం మారనట్టే.

కాచవద్దు

ఆసుపత్రిలో "కాచి చల్లార్చిన నీళ్లు తాగండి" అంటారు. సూక్ష్మజీవులకు అది మంచి మందే. నైట్రేట్‌కు మాత్రం పూర్తిగా తారుమారు. కాచినప్పుడు ఆవిరైపోయేది నీరు, నైట్రేట్ గిన్నెలోనే ఉండిపోతుంది. 60 ఉన్న నీళ్లను మూడో వంతు ఇగిరేదాకా మరిగిస్తే అది 90 అవుతుంది. పటిక వేసినా, క్లోరిన్ బిళ్ల వేసినా, గుడ్డలో వడకట్టినా, రాగి బిందెలో పోసినా నైట్రేట్ తగ్గదు. క్యాండిల్ ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, యూవీ దీపం, నీటి గట్టిదనం తగ్గించే యంత్రం కూడా అంతే. ఫ్లోరైడ్ కోసం పెట్టుకున్న ఫిల్టరు నైట్రేట్‌ను కూడా తీసేస్తుందని నమ్ముకోవద్దు.

ఇంట్లో నమ్మదగ్గది ఆర్‌ఓ. మంచి స్థితిలో ఉంటే నైట్రేట్‌లో సాధారణంగా 80 శాతానికి పైగా తీసేస్తుంది. అంటే 100 ఉన్న నీళ్లు 20కి దిగుతాయి, 250 ఉన్నవి మాత్రం 50 దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే యంత్రం పెట్టాక బయటికి వచ్చే నీళ్లను కూడా పరీక్షించాలి. ఇంకో మెలిక ఉంది. చాలా యంత్రాల్లో "రుచి కోసం" టీడీఎస్ పెంచే చిన్న మర ఒకటి ఉంటుంది. అది చేసే పని శుద్ధి చేయని నీళ్లను కొంచెం శుద్ధి నీళ్లలో కలపడం. ఆ కొంచెంతో పాటు నైట్రేట్ కూడా వస్తుంది. మెకానిక్ వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా మూయించండి. యంత్రంలో నీళ్లను వడకట్టే పొరను మార్చాల్సిన గడువును కూడా వాయిదా వేయకండి. ఆర్‌ఓ వదిలే వృథా నీళ్లలో నైట్రేట్ చిక్కబడి ఉంటుంది కాబట్టి వాటిని బోరు మొదట్లో పారబోయకండి.

క్యాన్ నీళ్లు కొనేవాళ్లు ప్లాంటు వాళ్లను మీటరు చూపించమని అడగడం మాని, ల్యాబు నివేదికలో నైట్రేట్ ఎంతో చూపించమనండి. చూపించకపోతే ఆ క్యాన్ నుంచే ఒక సీసా పట్టి మీరే ల్యాబుకు ఇవ్వండి.

వీటన్నిటికంటే చవకైన దారి చాలా ఊళ్లలో గుమ్మం ముందే ఉంది. కృష్ణా, గోదావరి నీళ్లు తెచ్చే పథకాల కుళాయిల్లో, తెలంగాణలో మిషన్ భగీరథలాంటి వాటిలో, నైట్రేట్ సాధారణంగా తక్కువ. నది నీళ్లు కాబట్టి. రుచి బాగోలేదని ఆ నీళ్లను మొక్కలకు పోసి, తియ్యగా ఉన్నాయని బోరు నీళ్లు తాగేవాళ్లున్నారు. గర్భిణి ఉన్న ఇంట్లో ఇది తలకిందులు కావాలి. కానీ పంపు నడిపే మనిషిని ఒక మాట అడగండి: ట్యాంకులోకి ఎండాకాలంలో బోరు నీళ్లు కూడా కలుపుతున్నారా? కలిపితే ఆ కుళాయి నీళ్లను కూడా పరీక్ష చేయించాల్సిందే. సూక్ష్మజీవుల అనుమానం ఉంటే కుళాయి నీళ్లను కాచుకోండి, వాటిలో నైట్రేట్ తక్కువే కాబట్టి కాచినా నష్టం లేదు.

డబ్బు ఇరుకుగా ఉండి ఇంటిల్లిపాదికీ కొనలేకపోతే, ముందు గర్భిణికి. తాగడానికీ ఆమె వంటకూ కలిపి రోజుకు ఐదారు లీటర్లు చాలు.

ఆకుకూరలు మానకండి

పాలకూరలో, తోటకూరలో నైట్రేట్ బాగా ఉంటుంది. ఈ మాట విని ఆకుకూరలు మాన్పించేవాళ్లు ఉంటారు. అలా చేయకండి. కూరల్లో నైట్రేట్‌తో పాటు విటమిన్ సి లాంటివి కూడా ఉంటాయి, కడుపులో హానికర పదార్థాలు తయారు కాకుండా అవి అడ్డుకుంటాయి. పైగా ఐరన్, ఫోలేట్ ఇచ్చే తిండి అది. గర్భిణికి రక్తహీనత ఉంటే ప్రాణవాయువు మోసే శక్తి ముందే తక్కువ, దానికి నైట్రేట్ తోడైతే ఇంకా తగ్గుతుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు తప్పకుండా వేసుకోవాలి. నిమ్మకాయో జామపండో ఉసిరికాయో రోజూ ఏదో ఒకటి ఉండాలి.

ఉప్పు సంగతి కూడా చూసుకోండి. నైట్రేట్, థైరాయిడ్ గ్రంథిలోకి అయోడిన్ చేరకుండా పోటీ పడుతుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు పెరిగేది తల్లి థైరాయిడ్ మీద ఆధారపడి. ఇంట్లో అయోడిన్ లేని రాళ్ల ఉప్పు వాడుతుంటే వంటకు అయోడిన్ ఉప్పుకు మారండి. మీ నీళ్లలో నైట్రేట్ ఎక్కువని తేలితే ఆ కాగితాన్ని ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షకు తీసుకువెళ్లి, థైరాయిడ్ పరీక్ష రాయమని డాక్టరును అడగండి. ఇదివరకు గర్భస్రావాలు అయినా, నెలలు నిండకుండా కాన్పు అయినా ఆ మాట కూడా చెప్పండి.

నీళ్లు పాడవుతున్న చోటు

బోరు చుట్టూ ఒకసారి తిరిగి రండి. సెప్టిక్ ట్యాంకు, మరుగుదొడ్డి గుంత, పశువుల కొట్టం, పెంటకుప్ప బోరుకు ఎంత దూరంలో ఉన్నాయి? యాభై అడుగులకు తగ్గకూడదు, ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. రాతి నేలల్లో పగుళ్ల వెంట మురుగు చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టి ఆ దూరం కూడా పూర్తి భరోసా కాదు. కేసింగ్ పైపు పగిలినా, చుట్టూ సిమెంటు గట్టు లేకపోయినా, వాననీళ్లు బోరు మొదట్లో నిలిచినా బాగు చేయించండి. చేలో యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేస్తే పంటకు ఎక్కువ అందుతుంది, నేలలోకి తక్కువ దిగుతుంది. ఇవి చేసినా బోరులో అంకె దిగడానికి ఏళ్లు పడుతుంది. ఈ కాన్పుకు దీన్ని నమ్ముకోకండి, నీళ్లు మార్చడమే దారి.

బిడ్డ పుట్టాక

ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. తల్లి తాగిన నీళ్లలోని నైట్రేట్ పాలలోకి పెద్దగా చేరదు, కాబట్టి నీళ్లు బాగోలేవన్న భయంతో చనుబాలు ఆపడం చేతులారా తెచ్చుకునే ముప్పు. ఎండలు మండుతున్నాయని చెంచాతో నీళ్లు పట్టడం, కడుపునొప్పికని ఏవో కలిపి తాగించడం వద్దు. తప్పనిసరై డబ్బా పాలు కలపాల్సి వస్తే, గేదె పాలలో నీళ్లు పోయాల్సి వస్తే, ఆ నీళ్లలో నైట్రేట్ తక్కువని పరీక్షలో తేలి ఉండాలి. వాటిని సూక్ష్మజీవుల కోసం కాచాలి కూడా. అసలు నైట్రేట్ తక్కువ ఉన్న నీళ్లే కావాలనడానికి ఇదో కారణం.

పసిబిడ్డ పెదవులు, గోళ్లు, నోటి చుట్టూ చర్మం నీలంగానో బూడిద రంగుగానో మారినా, మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా 108కు ఫోన్ చేయండి. విరేచనాలు అవుతున్న బిడ్డలో ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. ఆసుపత్రిలో ముందుగా చెప్పాల్సిన మాట: "బోరు నీళ్లతో కలిపిన పాలు తాగుతోంది, నైట్రేట్ ఉండవచ్చు." గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో కూడా బిడ్డ నీలంగా మారుతుంది కాబట్టి ఈ మాట వైద్యులకు చాలా దారి చూపిస్తుంది. ప్రాణవాయువు పెట్టినా రంగు తిరగకపోవడం, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉండటం మెథెమోగ్లోబిన్ గుర్తులు. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇలాంటప్పుడు 85 దగ్గర ఆగిపోయి తప్పుదారి పట్టించగలదు. తీవ్రంగా ఉంటే మిథిలీన్ బ్లూ అనే మందు నరానికి ఎక్కిస్తారు, చాలాసార్లు గంటలోపే రంగు తిరుగుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ అనే ఎంజైము లోపం (పుట్టుకతో వచ్చేది) ఉంటే అది ముందే చెప్పాలి, అలాంటి వాళ్లకు ఆ మందు ప్రమాదం. కోలుకుని ఇంటికి వచ్చాక పాలలో మళ్లీ అవే నీళ్లు కలిపితే వారం తిరక్కుండా మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. కాబట్టి బిడ్డ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఇంట్లో ఒకరు వెళ్లి వేరే నీళ్లు ఏర్పాటు చేయాలి.